దోపుకుంటే బట్ట, దోచుకుంటే దొంగతనం: ఈ మాటలతో వాక్యం ఎట్టా రాయాలి

"రొండిన దోపుకున్న డబ్బంతా దోచుకుపోయారు."

ఈ వాక్యాన్ని ఒకసారి పైకి చదవండి, రొండి అంటే నడుము పక్క. ఒకే మాట రెండుసార్లు వచ్చినట్టు వినిపిస్తుంది, కానీ మొదటిది చీరకీ పంచెకీ సంబంధించిన మాట, రెండోది పోలీస్ స్టేషన్‌కి వెళ్ళే మాట. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, ఎక్కడికెళ్ళినా ఇళ్ళలో పెద్దవాళ్ళు రెండూ రోజూ వాడతారు, ఎవరూ తడబడరు. తడబాటంతా రాసేటప్పుడే వస్తుంది. నేను పిల్లలకి తెలుగు చెబుతాను, "దోపు" అనే మాటకి సొంతవాక్యం రాయమంటే చాలామంది "దొంగలు ఇల్లు దోపారు" అని రాసుకొస్తారు. డీఎస్సీకి చదివేవాళ్ళు కూడా నానార్థాల దగ్గర ఆగిపోతారు. ఊరి వార్తలు వాట్సాప్‌లో రాసే కుర్రాళ్ళయితే తాళం పగలగొట్టి టీవీ ఎత్తుకెళ్ళినా దోపిడీ అనే రాస్తారు. అందుకే బట్టల వైపు ఒక అర్థం, దొంగతనం వైపు ఒక అర్థం ఉన్న మన మాటల్ని వరసగా తీసుకుని, ఏది ఎక్కడ ఎట్టా వాడాలో చెప్పుకుందాం.

అన్నిటికంటే ముందు ఒక్క పద్ధతి పట్టుకోండి. మాట రాశాక దాన్ని ఒక ప్రశ్న అడగండి. "ఎక్కడ?" అని అడిగితే జవాబు వచ్చిందా, అది బట్టల అర్థం. "ఎవర్ని? ఎవరి దగ్గర? ఎంత?" అని అడిగితే జవాబు వచ్చిందా, అది దొంగతనం. కొంగు దోపుకుంది, ఎక్కడ? నడుముకి. దుకాణం దోచుకున్నారు, ఎవరిది? ఎంత పోయింది? దోపుకోవడానికి చోటు కావాలి, దోచుకోవడానికి మనిషి కావాలి. ఈ ప్రశ్న దోపుకే కాదు, కింద వచ్చే టోపీకీ జేబుకీ కూడా పనిచేస్తుంది, కాబట్టి గుర్తుపెట్టుకోండి.

ఇక గందరగోళం ఎక్కడ పుట్టిందో చూద్దాం. క్రియగా ఉన్నంతసేపు ఈ రెంటికీ తేడా స్పష్టంగా ఉంటుంది. దోపు, దోపాడు, దోపింది, దోపుకుని, ఇదంతా బట్టల వైపు. దోచు, దోచాడు, దోచింది, దోచుకుని, ఇదంతా దొంగల వైపు. ఒకచోట ప, ఒకచోట చ, అంతే. కానీ తెలుగులో "చు"తో ముగిసే క్రియల్లో చాలావాటికి నామవాచకం అయ్యేటప్పుడు ఆ చ పోయి ప వస్తుంది. వలచు వలపు అవుతుంది, తలచు తలపు, గెలుచు గెలుపు, పిలుచు పిలుపు, మరచు మరపు. ఆ దారిలోనే దోచు కూడా దోపు అయింది, అందులోంచే దోపుడు, దోపిడి అన్నీ వచ్చాయి. అంటే నామవాచకంగా దోపు అంటే కొల్ల, క్రియగా దోపు అంటే లోపలికి ఇరికించడం, అక్షరం ఒకటే. పిల్లవాడు "దోపిడీ చేశారు" అని పేపర్లో చదివి "ఓహో, దోపు అంటే దొంగతనం" అనుకుని "ఇల్లు దోపారు" అని రాస్తాడు. వాడి తర్కంలో లోపం లేదు, తెలియాల్సింది ఒక్కటే: దొంగతనం అర్థంలో క్రియ కావాలంటే చ తిరిగి రావాలి. "ఇల్లు దోచారు", "ఇంటిని దోపిడీ చేశారు", రెండూ సరైనవే. "ఇల్లు దోపారు" మాత్రం కుదరదు.

రెండు అర్థాలూ నిజంగా కలిసిపోయే చోటు ఒకటుంది. ఇంకొకరి చేత చేయించడం చెప్పేటప్పుడు పిలుచు పిలిపించు అయినట్టు దోచు కూడా దోపించు అవుతుంది, దోపు కూడా దోపించే అవుతుంది. "రాజు ఊరు దోపించాడు" అని పాతకాలం పద్ధతిలో రాస్తే అర్థమవుతుంది, "అమ్మ పిల్లవాడి చేత చొక్కా లోపలికి దోపించింది" అన్నా అర్థమవుతుంది, కానీ చుట్టూ వేరే మాటలు లేకుండా ఒంటరిగా "దోపించాడు" అని వదిలేస్తే చదివేవాడికి ఏదీ తేలదు. ఈ రూపం వాడకపోవడమే మంచిది. "దోపిడీ చేయించాడు" అని రాయండి, సందేహం పోతుంది.

ఇప్పుడు దోపుకోవడం సంగతి. ఈ మాట మీద నాకు ప్రేమ ఎక్కువ, ఎందుకంటే మన బట్ట కట్టుడు మొత్తం ఇందులో ఉంది. కుట్టిన బట్టకి గుండీ, హుక్కు, జిప్పు ఉంటాయి. కుట్టని బట్టకి, అంటే చీరకీ పంచెకీ, ఉన్నదల్లా ముడి వేయడం, చుట్టడం, దోపడం. చీర కట్టేటప్పుడు చూడండి. ఒక చుట్టు చుట్టి, కుచ్చెళ్ళు వేళ్ళ మధ్య ఒక్కొక్కటిగా మడిచి, అంచులన్నీ సమానంగా ఉన్నాయో లేదో ఒకసారి కిందికి చూసుకుని, ఆ కట్టని కొంచెం పైకెత్తి పట్టుకుని, కడుపు లోపలికి పీల్చి బొడ్డు దగ్గర లోపలికి దోపుతారు. ఆ ఒక్క దోపుడు మీదే రోజంతా చీర నిలబడాలి. అందుకే వాక్యం రాసేటప్పుడు "కుచ్చెళ్ళు పెట్టుకుంది" అని సరిపెట్టకండి, "కుచ్చెళ్ళు పోసి బొడ్లో దోపుకుంది" అని రాయండి, మనిషి కళ్ళముందు కనిపిస్తుంది.

దోపుకోవడంతో రాయదగ్గ వాక్యాలు ఇంకా బోలెడు. వరినాట్లప్పుడు మా వైపు పొలాల్లో ఆడవాళ్ళు "చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని మడిలోకి దిగారు." ఎగదోపుకోవడం అంటే పైకి లాగి దోపుకోవడం, ఈ ఒక్క మాట ఉంటే "పైకి మడిచి లోపలికి పెట్టుకుని" అని సాగదీసి రాయాల్సిన పని తప్పుతుంది. "పెళ్ళిలో వడ్డనకి లేచేముందు పాటూరు చీర కొంగు నడుముకి బిగించి దోపింది." "తాత పంచె గోచి వెనక్కి తీసి దోపుకుని ఎడ్ల దగ్గరికి వెళ్ళాడు." "స్కూలుకి టైమైంది, చొక్కా నిక్కర్లోకి దోపుకోరా అబ్బయ్యా." బట్టే కావాలని కూడా లేదు, బట్టలో గానీ ఒంటి మీద గానీ ఇరికించేది ఏదైనా దోపుకోవచ్చు: "కొడవలి నడుముకి దోపుకున్నాడు", "మేస్త్రీ పెన్సిలు చెవి మీద దోపుకున్నాడు", "మల్లెలు కొప్పులో దోపుకుంది." పూలకైతే తురుముకోవడం అనే మాట కూడా ఉంది, మూర కట్టిన పూలకి తురుముకోవడం బాగుంటుంది, ఒంటి రోజా పువ్వుకి దోపుకోవడం బాగుంటుంది, ఇది నా అభిప్రాయం.

ఈ వాక్యాల్లో ప్రతిదానికీ చోటు ఉంది చూశారా? బొడ్లో, మోకాళ్ళ దాకా, నడుముకి, వెనక్కి, నిక్కర్లోకి, చెవి మీద, కొప్పులో. చోటు లేకుండా "కొంగు దోపింది" అని ఆపేస్తే వాక్యం తప్పు కాదు కానీ ఒంటికాలు మీద నిలబడ్డట్టు ఉంటుంది.

రొండి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే బట్టల మాటా దొంగల మాటా కలిసేది అక్కడే. రొండి అంటే నడుము పక్క భాగం. చీర మడతలో గానీ పంచె మడతలో గానీ ఆ పక్కన చిన్న సంచి, తాళంచెవి, మడిచిన నోట్లు దోపుకునేవాళ్ళు, ఇప్పటికీ సంతలో కూరగాయలమ్మే అవ్వల్ని చూడండి, చిల్లర అడిగితే చెయ్యి నేరుగా అక్కడికే పోతుంది. "అవ్వ రొండిన దోపుకున్న సంచి తీసి చిల్లర ఇచ్చింది" అంటే బట్టల వాక్యం. "అవ్వ రొండిన దోపుకున్న సంచి లాక్కుని పోయారు" అంటే దొంగతనం వాక్యం, అయినా అందులో దోపుకోవడం దోపుకోవడమే, దొంగతనం లాక్కోవడంలో ఉంది.

నెల్లూరు వాళ్ళకి సులువుగా గుర్తుండాలంటే రొట్టెల పండగ తీసుకోండి. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జనం నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. సంతానం కోసం ఒక రొట్టె, ఉద్యోగం కోసం ఒక రొట్టె, సొంతింటి కోసం ఒక రొట్టె, కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి రొట్టె ఇస్తారు, తీరాల్సినవాళ్ళు తీసుకుంటారు. ఆడవాళ్ళు మెట్ల మీద ఒక్క క్షణం ఆగి, రొట్టె ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో కొంగు చుట్టి నడుముకి దోపుకుని, నెమ్మదిగా నీళ్ళలోకి అడుగు వేస్తారు. అక్కడ నిలబడి చూస్తే మన పాఠానికి కావలసిన వాక్యాలన్నీ దొరుకుతాయి. "కొంగు దోపుకుని నీళ్ళలోకి దిగింది." "పర్సు బ్యాగులో పెట్టద్దు, నడుముకి దోపుకోమ్మా." "జనంలో ఎవరో పర్సు కొట్టేశారు." మూడో వాక్యంలో "దోచుకున్నారు" అని ఎందుకు రాయలేదో చూడండి. తెలియకుండా తీస్తే కొట్టేయడం, బెదిరించి తీసుకుంటే దోచుకోవడం.

ఈ తేడా దగ్గరే వార్తలు రాసేవాళ్ళు ఎక్కువ జారిపోతారు. చట్టం కూడా ఇదే తేడా చూస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్, మెడలో గొలుసు తెంపుకుపోవడం లాంటి లాక్కెళ్ళడం 304, దోపిడీ 309, అదే దోపిడీ ఐదుగురు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ కలిసి చేస్తే 310, దాన్ని బందిపోటు దొంగతనం అంటారు. అంతకుముందు ఐపీసీలో దొంగతనానికి శిక్ష 379, దోపిడీకి 392, బందిపోటుకి 395 ఉండేవి, గొలుసు లాక్కోవడానికి విడిగా సెక్షన్ లేదు. మాటలు రాసేవాడికి ఇందులో పనికొచ్చేది ఏంటంటే, దోపిడీ అనాలంటే బలప్రయోగమో భయపెట్టడమో ఉండాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తాళం పగలగొట్టి బీరువా ఖాళీ చేస్తే అది ఎంత పెద్ద మొత్తమైనా చోరీయే, దోపిడీ కాదు. కత్తి చూపించి ఐదు వందలు లాక్కున్నా అది దోపిడీయే. దండెం మీద ఆరేసిన వెంకటగిరి చీర పోతే "ఎత్తుకెళ్ళారు" అని రాయండి, "దోచుకెళ్ళారు" అంటే అక్కడ ఎవరో నిలబడి ఏడుస్తూ చూస్తున్నట్టు ఉంటుంది.

చట్టం బయట దోచుకోవడానికి చాలా పెద్ద సంసారం ఉంది. "నిమ్మకాయల తూకంలో రైతుని దోచుకుంటున్నారు" అని గూడూరు, పొదలకూరు వైపు వింటాం. "పొగాకు రేటు తగ్గించి దోచుకు తింటున్నారు" అని ఒంగోలు, కందుకూరు వైపు వింటాం. ఇక్కడ కత్తి లేదు, బెదిరింపు లేదు, కానీ ఎదుటివాడికి వేరే దారి లేకుండా చేసి తీసుకోవడం ఉంది, కాబట్టి మాట సరిగ్గా సరిపోతుంది. రైతు నోట్లోంచి వచ్చినప్పుడు దాన్ని "అధిక లాభాలు ఆర్జిస్తున్నారు" అని మెత్తగా మార్చకండి. ఇట్లాంటి చోట నామవాచకం కావాలంటే దళారుల దోపిడీ, శ్రమ దోపిడీ. ఇంకో ముచ్చటైన వాడుక దోచిపెట్టడం: "ఉన్నదంతా పెద్ద కూతురికే దోచిపెట్టాడు." ఇందులో దొంగ లేడు, ఆయన సొమ్ము ఆయనే ఇచ్చాడు, కానీ మిగతా పిల్లలకి అన్యాయం జరిగిందన్న కోపం ఆ మాటలో ఉంటుంది. కోపం చెప్పదలచుకోకపోతే ఈ మాట వాడకండి. ఇక "మనసు దోచుకున్నాడు" అంటే ఫిర్యాదు కాదని అందరికీ తెలుసు.

నిలువుదోపిడీ దగ్గర మాత్రం ఆగాలి. పాత రూపం నిలువుదోపు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఒంటి మీద ఉన్నదంతా వదులుకోవడం. దొంగలు చేస్తే ఘోరం: "హైవే మీద కారు ఆపి కుటుంబాన్ని నిలువుదోపిడీ చేశారు." అదే మాట తిరుమలలో మొక్కు. ఆపద వచ్చినప్పుడు "స్వామీ, ఈ గండం గట్టెక్కితే నిలువుదోపిడీ ఇస్తాను" అని మొక్కుకుంటారు, గట్టెక్కాక కొండకి పోయి ఒంటి మీదున్న నగలన్నీ తీసి హుండీలో వేస్తారు. మా జిల్లా వాళ్ళకి తిరుమల దగ్గర, ఈ మొక్కు ప్రతి ఊళ్ళో వింటాం. వాక్యంలో తేడా అంతా క్రియలో ఉంది. నిలువుదోపిడీ "చేశారు" అంటే దొంగలు, నిలువుదోపిడీ "ఇచ్చారు" లేదా "సమర్పించారు" అంటే భక్తులు. "మా అత్తమ్మ తిరుపతిలో నిలువుదోపిడీ ఇచ్చింది" అని రాయాల్సింది "మా అత్తమ్మకి తిరుపతిలో నిలువుదోపిడీ జరిగింది" అని రాస్తే బంధువులందరూ టెన్షన్ పడి ఫోన్లు చేస్తారు.

దోపు సంగతి ఇంతటితో సరి, ఇప్పుడు టోపీ.

టోపీకి అర్థం ఎవరినీ అడగక్కర్లేదు, తలకి పెట్టుకునేది. కానీ "వాడు నాకు టోపీ పెట్టాడు" అంటే తల మీద ఏమీ లేదు, జేబులో ఏమీ మిగల్లేదు. నమ్మించి మోసం చేశాడు, తీసుకున్నది తిరిగి ఇవ్వలేదు. "టోపీ వేశాడు" అన్నా అదే అర్థం. మోసపోయినవాడి వైపు నుంచి చెప్పాలంటే "యాభై వేలకి టోపీ పడింది." ఇంకాస్త పెద్ద మోసం, చాలామందికి జరిగిన మోసం అయితే పత్రికలవాళ్ళు కుచ్చుటోపీ అంటారు: "చీటీల పేరుతో ఊరందరికీ కుచ్చుటోపీ పెట్టి రాత్రికి రాత్రే పరారయ్యాడు." అసలు కుచ్చుటోపీ అంటే పైన దారాల కుచ్చు వేలాడే టోపీ, దాన్ని తల మీద చూసినవాళ్ళు ఇప్పుడు తక్కువ, వార్తల్లో చూసినవాళ్ళు ఎక్కువ.

టోపీకి మన ప్రశ్న వేద్దాం. ఎక్కడ? తలకి, తల మీద. జవాబు దొరికింది, కాబట్టి బట్టల అర్థం: "చలిగా ఉంది, పిల్లోడి తలకి ఉన్ని టోపీ పెట్టు." ఎవరికి, ఎంతకి? "బావమరిదికి మూడు లక్షలకి టోపీ పెట్టాడు." ఇది మోసం. అసలు చిక్కు "పిల్లోడికి టోపీ పెట్టాడు" అనే వాక్యంతో, ఇందులో మనిషి ఉన్నాడు, తల లేదు, డబ్బు లేదు. పిల్లాడి మొహం చూసి చదివేవాళ్ళు బట్టలే అనుకుంటారు, కానీ అదే చోట పెద్దమనిషిని పెట్టండి, "మా మేనేజర్‌కి టోపీ పెట్టాడు", వెంటనే మోసం అయిపోతుంది. కాబట్టి బట్టల అర్థంలో రాస్తుంటే తల అనే మాట తప్పకుండా వేయండి, లేదా "తొడిగాడు" అనండి. టోపీ తొడిగితే ఎప్పుడూ బట్టే, మోసానికి తొడగడం వాడరు. అట్లాగే "పెట్టుకున్నాడు" అంటే ఎప్పుడూ బట్టే, తనని తాను ఎవరూ మోసం చేసుకోరు.

ఇంకో హద్దు ఉంది. టోపీ పెట్టాలంటే ముందు నమ్మకం ఉండాలి. అర్ధరాత్రి గోడ దూకి వచ్చినవాడు టోపీ పెట్టడు, దొంగతనం చేస్తాడు. కత్తి చూపించినవాడు టోపీ పెట్టడు, దోచుకుంటాడు. అప్పు తీసుకున్నవాడు, భాగస్వామి, ఉద్యోగం ఇప్పిస్తానన్నవాడు, తక్కువ ధరకి స్థలం ఇప్పిస్తానన్నవాడు, వీళ్ళు పెడతారు టోపీ. చట్టంలో ఇది మోసం కిందికి వస్తుంది, పాత లెక్కలో 420, కొత్త సంహితలో 318. సెక్షన్ మారినా జనం నోట్లో ఫోర్ ట్వంటీ పోయేట్టు లేదు. ఫిర్యాదు కాగితంలో మాత్రం టోపీ రాయకండి, "నమ్మించి మోసం చేశాడు" అని రాయండి. టోపీ మాటల్లో ఉండాల్సింది, కథల్లో ఉండాల్సింది, వార్త శీర్షికలో కూడా ఉండొచ్చు.

జేబు దగ్గరికి వస్తే ఒక్క అక్షరం తేడాతో దర్జీ దొంగ అవుతాడు. దర్జీ జేబు కుట్టాడు, దొంగ జేబు కొట్టాడు. మా వైపు కొందరు జోబు అంటారు, అయినా వరస ఇదే. "ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కుతుంటే జేబు కొట్టేశారు" అంటే జేబులోది పోయిందని, జేబు చొక్కాకే ఉంది. నిజంగానే జేబుకి కోత పడితే "బ్లేడు పెట్టి జేబు కోసేశారు" అని విడిగా చెప్పాలి. జేబుదొంగ అంటే జేబులు దొంగిలించేవాడు కాదని పిల్లలకి కూడా తెలుసు.

"జేబులో వేసుకున్నాడు" కొంచెం జాగ్రత్తగా వాడాలి. "తాళాలు జేబులో వేసుకుని బయల్దేరాడు" మామూలు వాక్యం. "తిరునాళ్ళ చందా డబ్బులు జేబులో వేసుకున్నాడు" అంటే ఊళ్ళో గొడవ మొదలవుతుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న సొమ్ము ఎవరిది అని. తన సొమ్మైతే బట్టల వాక్యం, పదిమంది సొమ్మైతే కాజేయడం. నింద వేయడం మీ ఉద్దేశం కాకపోతే, చందా వసూలు చేసి ఇంటికి తీసుకెళ్ళిన మనిషి గురించి "డబ్బు తన దగ్గర ఉంచాడు" అని రాయండి, జేబు జోలికి పోకండి. "జేబుకి చిల్లు పడింది" మాత్రం దొంగతనం కాదు, ఖర్చు ఎక్కువైందని: "బడి ఫీజులు కట్టేసరికి జేబుకి చిల్లు పడింది."

టక్కు మాట త్వరగా చెప్పేస్తాను. చొక్కా లోపలికి దోపుకోవడాన్ని ఇప్పుడు అందరూ టక్ చేసుకోవడం అంటున్నారు, అది ఇంగ్లీషు నుంచి వచ్చింది. టక్కు అని మనకి వేరే పాత మాట ఉంది, మాయ, మోసం అని అర్థం, టక్కరి, టక్కుటమారం అందులోవే. రెండింటికీ చుట్టరికం లేదు. "టక్ చేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు" అని రాసేటప్పుడు ద్విత్వం పెట్టకండి, "టక్కు చేశాడు" అంటే నటించి మోసం చేశాడని అర్థం మారిపోతుంది. నన్నడిగితే "చొక్కా దోపుకుని" అంటే సరిపోతుంది.

ఇక ఒలవడం. అరటిపండు ఒలుస్తాం, వెల్లుల్లి ఒలుస్తాం. అదే మనిషికి చెబితే ఒంటి మీద బట్టలు తీయడం, ఇంకో అడుగు ముందుకేస్తే ఉన్నదంతా ఊడ్చుకోవడం: "ఆ దుకాణానికి వెళ్తే నిలువునా ఒలిచేస్తారు." పాత తెలుగులో దీని రూపం వలుచు, బట్టకేమో వలువ అని పేరు, రెండూ పక్కపక్కనే వినిపిస్తాయి. ఈ మాట సరిగ్గా అతికే కథ మన నెల్లూరు తిక్కన మొదలుపెట్టిన చోటే ఉంది. ఆంధ్ర మహాభారతంలో ఆయన విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. ఆ విరాటపర్వంలో కౌరవులు విరాటుడి ఆవులు తోలుకుపోతారు, అది దొంగతనం. బృహన్నల యుద్ధానికి బయల్దేరుతుంటే ఉత్తర తన బొమ్మలకి కౌరవ వీరుల మంచి బట్టలు తెచ్చిపెట్టమని అడుగుతుంది. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేసి కౌరవ వీరుల్ని మూర్ఛలో పడేస్తాడు, ఉత్తరకుమారుడు రథం దిగి వాళ్ళ బట్టలు తీసుకొస్తాడు. మరి ఇక్కడ ఏ క్రియ వాడాలి? పిల్లలకి ఈ ప్రశ్న ఇస్తే మంచి చర్చ జరుగుతుంది. "దోచుకున్నాడు" అంటే వాళ్ళు మెలకువగా ఉండి భయపడాలి. "కొట్టేశాడు" అంటే యుద్ధంలో గెలిచి తీసుకున్నదానికి చిన్నతనం. నాకు "ఒలుచుకొచ్చాడు" సరైన మాట అనిపిస్తుంది, ఎందుకంటే బట్టలూ ఓటమీ రెండూ అందులో ఉన్నాయి. ఆవుల విషయంలో మాత్రం "తోలుకుపోయారు" అనే మాటని మించింది లేదు.

ముసుగు దొంగ, చెడ్డీ గ్యాంగ్ లాంటి మాటలు మీకు పేపర్లో కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో బట్ట దొంగని గుర్తుపట్టడానికి పెట్టిన పేరే తప్ప, ఆ మాటకి దొంగతనం అర్థం రాలేదు. "ముసుగు వేసుకుంది" అంటే ఎండకి కూడా వేసుకోవచ్చు. కాబట్టి వాటితో పెద్ద ఇబ్బంది లేదు.

అభ్యాసానికి ఒక వాక్యం ఇస్తాను. ఒక కుర్రాడు రాసిన వార్త అనుకోండి: "నిన్న రాత్రి ఊళ్ళో లేని సమయంలో రిటైర్డ్ టీచర్ ఇంట్లో దోపిడీ జరిగింది, దుండగులు బీరువాలో నగలు దోపుకున్నారు, అంతకుముందు నెలలో ఆయనకి ఒక వ్యక్తి టోపీ పెట్టుకుని రెండు లక్షలు తీసుకున్నాడు." మొదట దోపిడీ మీద వేలు పెట్టండి. ఇంట్లో ఎవరూ లేరు, బెదిరింపు లేదు, కాబట్టి చోరీ. రెండోది "దోపుకున్నారు." ఎక్కడ దోపుకున్నారని అడగండి, బీరువాలో అని జవాబు వస్తుంది, అంటే దొంగలు నగలు తెచ్చి బీరువాలో కుక్కి పోయినట్టు అర్థం వస్తోంది. మూడోది "టోపీ పెట్టుకుని", ఆ వ్యక్తి తల మీద టోపీతో వచ్చి డబ్బు తీసుకున్నట్టుంది. ఇప్పుడు సరిచేసిన వాక్యం చూడండి: "రిటైర్డ్ టీచర్ ఊళ్ళో లేని సమయం చూసి నిన్న రాత్రి ఆయన ఇంట్లో చోరీ చేశారు, బీరువాలో నగలు ఎత్తుకెళ్ళారు. పోయిన నెలలోనే ఒక వ్యక్తి ఆయనకి రెండు లక్షలకి టోపీ పెట్టాడు." అదే టీచర్ ఇంట్లో ఉండి, కత్తి చూపించి తీసుకుపోయి ఉంటే, "నగలు దోచుకెళ్ళారు" అని చ వేసి రాయండి, అప్పుడు దోపిడీ అనే శీర్షిక కూడా పెట్టుకోవచ్చు.